సగంలో వెళ్లిపోయిన నాయికలు

యూరప్ సినిమా అంటే కళ, హాలీవుడ్ అంటే వ్యాపారం అని ఫిల్మ్ సొసైటీ మిత్రులు ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. వాళ్లకు పోటీగా ఇంకో జట్టు: యూరప్ సినిమాలో ఏమీ జరగదు, కథ చెప్పడం అమెరికా వాడికే తెలుసు అంటుంది. ఈ రెండు మాటలూ వినీ వినీ విసుగెత్తినప్పుడల్లా నాకు 1960 గుర్తొస్తుంది. ఆ ఏడు మేలో కాన్ చిత్రోత్సవంలో ఇటలీ దర్శకుడు ఆంటోనియోని ‘లవెంతురా’ వేశారు. జూన్‌లో న్యూయార్క్‌లో హిచ్‌కాక్ ‘సైకో’ విడుదలైంది. రెండూ నలుపు తెలుపు సినిమాలే. ఒకరిని చూసి ఒకరు తీసినవి కావు. అయినా ఇద్దరూ ఒకే పని చేశారు. నాయిక అని మనం నమ్మిన మనిషిని సగం కథైనా కాకముందే లేకుండా చేశారు.

‘లవెంతురా’లో డబ్బున్న కొందరు సిసిలీ దగ్గరి ఓ రాతి దీవికి పడవలో విహారానికి వెళతారు. అన్నా అనే అమ్మాయి ప్రియుడు సాంద్రోతో మాటా మాటా అనుకుంటుంది. కాసేపటికి చూస్తే ఆమె లేదు. సాంద్రో, ఆమె స్నేహితురాలు క్లాడియా కలిసి వెతుకుతారు. వెతుకుతూనే ప్రేమలో పడతారు. అన్నా తిరిగి రాదు, ఏమైందో దర్శకుడు చెప్పడు. కాన్‌లో జనం గోల చేశారు. రొసెల్లినీతో సహా కొందరు సినిమావాళ్లు, విమర్శకులు మర్నాడే ఆ సినిమాను వెనకేసుకొస్తూ ప్రకటన ఇచ్చారు. చివరికి జ్యూరీ బహుమతి కూడా వచ్చింది. గోల చేసినవాళ్లను మాత్రం నేను తప్పుపట్టను. మనిషి తప్పిపోయింది, ఆమె ఏమైందో చెప్పమని అడగడం న్యాయమే కదా.

అయితే అడిగే మనం అప్పటికే అన్నాను మరిచిపోయి ఉంటాం. సినిమా చివర్లో క్లాడియా తన భయం బయటపెడుతుంది: అన్నా బతికే ఉందేమో, తిరిగొచ్చేసిందేమో అని. కొన్నాళ్ల కింద ఆమె చనిపోయిందేమోనన్న ఊహకే తల్లడిల్లిన మనిషి ఇప్పుడు ఆమె రాకకు వణుకుతోంది. ఇంత మొహమాటం లేని మాట సినిమాల్లో నేను అరుదుగా విన్నాను.

ఇక ‘సైకో’. ఆఫీసు డబ్బు 40 వేల డాలర్లతో పారిపోతూ మేరియన్ ఓ రాత్రి మోటెల్‌లో దిగుతుంది. ఆమె హత్య జరిగే స్నానాల గది సన్నివేశం గురించి లోకమంతా రాసింది, నేను రాయను. ఆ తర్వాతి దృశ్యాలు నాకు ముఖ్యం. మోటెల్ నడిపే నార్మన్ నేలంతా తుడుస్తాడు. శవాన్ని, పేపర్లో చుట్టి ఉన్న డబ్బును కారులో పెట్టి ఊబిలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ ఆగిపోతుంది. ఆ క్షణంలో మనం ఏమనుకుంటాం? ‘మునిగితే బాగుండు’ అనుకుంటాం. అంతవరకూ మేరియన్ పక్షాన ఉన్నవాళ్లం, ఆమె ఒళ్లు చల్లారకముందే అవతలి పక్షంలో చేరిపోయాం. ఆంటోనియోని రెండు గంటలపైగా తీసుకుని చేసిన పనిని హిచ్‌కాక్ రెప్పపాటులో చేశాడు. ఎవరు ‘లోతైన’ దర్శకుడో చెప్పమంటే నా వల్ల కాదు.

తేడా అల్లా లెక్క చెప్పడంలో ఉంది. ‘సైకో’ చివర ఓ డాక్టరు నిలబడి అంతా విడమర్చి చెబుతాడు. ఆ ఉపన్యాసం నాకు ఎప్పుడూ రుచించలేదు. హిచ్‌కాక్‌కూ దాని మీద నమ్మకం లేదేమోనని నా అనుమానం. ఎందుకంటే వెంటనే నార్మన్ ముఖం చూపిస్తాడు. ఆ నవ్వు ముందు డాక్టరు మాటలు ఎందుకూ పనికిరావు. పోనీ, హాలీవుడ్ ఖాతాలో వేసే ఈ హిచ్‌కాక్ మాత్రం ఎక్కడివాడు? లండన్‌లో పుట్టి, 1924లో బెర్లిన్ దగ్గరి స్టూడియోలో పనిచేస్తూ జర్మన్ దర్శకుడు మూర్నౌ షూటింగ్ కళ్లారా చూసినవాడు. ఆయన్ని గంభీరంగా పట్టించుకున్నది ఫ్రెంచి కుర్రాళ్లు. 1962లో వాళ్లలో ఒకడైన ట్రూఫో పనిగట్టుకుని వెళ్లి ఆయనతో రోజుల తరబడి మాట్లాడాడు. అటు ఇటలీలో తప్పిపోయిన అన్నా సామానులో దొరికే పుస్తకాల్లో బైబిల్‌తో పాటు ఫిట్జెరాల్డ్ రాసిన అమెరికన్ నవల ఉంటుంది. గోదార్ తొలి సినిమా కథానాయకుడు హంఫ్రీ బోగార్ట్ పోస్టరు ముందు నిలబడి ఆయన్ని అనుకరిస్తాడు. అదీ 1960లోనే. (మన దాకా కూడా ఈ గాలి వచ్చింది. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ కౌబాయ్ టోపీ పెట్టుకుంది, అమెరికా కథను ఇటలీవాళ్లు తిరగరాసిన దారిలోనే.)

జవాబు దాచిపెట్టిన ప్రతి సినిమా గొప్పదన్న భ్రమ కూడా నాకు లేదు. ఆంటోనియోని తర్వాత గోడలు చూస్తూ, కిటికీల దగ్గర నిలబడుతూ కాలం గడిపే పాత్రలు చిత్రోత్సవాల సినిమాల్లో కొల్లలుగా వచ్చాయి. వాళ్లు తప్పిపోయినా మనకేం పట్టదు. అన్నా అలా కాదు. సముద్రంలో ఈదుతూ సొరచేప అని ఉత్తుత్తి కేక పెట్టి అందరినీ హడలగొట్టిన మనిషి, తర్వాత దాన్ని తలుచుకుని నవ్వుకున్న మనిషి. ఆంటోనియోని ముందు ఆమెను మనకు ఇచ్చి, ఆ తర్వాతే తీసుకున్నాడు. ఇవ్వకుండానే తీసుకోవాలనుకునేవాళ్ల మౌనం కన్నా హిచ్‌కాక్ డాక్టరే నయం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఏది చూడాలని అడిగితే ‘సైకో’ అనే చెబుతాను. ఎవరో వచ్చి అంతా విప్పి చెబుతారన్న ఆశ దానితో అలవాటవుతుంది. ఆ ఆశ లేనివాళ్లకు ‘లవెంతురా’ ఏం ఎగ్గొట్టిందో సగం కూడా తెలియదు.