నాయిన నిజం, అవ్వ బిందె

ఆత్మగౌరవం అనే మాట మనం సభల్లో ఎన్నిసార్లంటమో లెక్కలేదు. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నరు? మైకు ముందు మాట్లాడినోడా, ఇంట్లున్నోళ్లా? ఈ ప్రశ్న అడిగితే కొందరు మిత్రులు మొహం చిట్లిస్తరు. ఉద్యమాన్ని బలహీనపరిచే ప్రశ్న అంటరు. అయినా అడుగుతున్న. మన ఉద్యమం ఇంటి గడప బయటనే ఆగిపోవద్దని నా కోరిక.

కాకతీయ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో లారెయిన్ హాన్స్‌బెరీ రాసిన 'ఎ రైజిన్ ఇన్ ద సన్' నాటకం చదివిన. 1959లో న్యూయార్క్‌లో ఆడింది. ఒక నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్‌వే ఎక్కడం అదే మొదటిసారి. షికాగోలో ఇరుకు ఇంట్లో మూడు తరాల కుటుంబం. ఇంటి పెద్ద చచ్చిపోతే 10,000 డాలర్ల బీమా సొమ్ము వస్తది. ముసలి తల్లి లీనా అందులోంచి తెల్లోళ్ల వాడలో ఒక ఇంటికి బయానా కడతది. మిగిలింది కొడుకు వాల్టర్‌కిస్తే వాడు మందు దుకాణం పెడతనని దోస్తును నమ్మి అంతా పోగొట్టుకుంటడు. సరిగ్గ అప్పుడే ఆ తెల్లవాడ నుంచి లిండ్నర్ అనే పెద్దమనిషి వస్తడు. తిట్టడు, కొట్టడు. మర్యాదగ కూర్చొని, మీరు మా దగ్గరికి రాకుంటే పైసలిస్తమంటడు. (ఇసొంటి మర్యాదస్తులు మన ఊళ్లల్ల కొత్తేం గాదు.) వాల్టర్ ఒక దశలో ఆ పైసలు తీసుకుందామనుకుంటడు. చివరికి కన్నకొడుకు చూస్తుండంగ, మాకొద్దు, మేం ఆ ఇంటికే వస్తున్నమని చెప్తడు. సామాన్లు కదుల్తయి, తెర పడతది.

నేను మనసులోనే చప్పట్లు కొట్టిన. కొన్నేండ్లకు రచయిత్రి జీవితం చదివినంక ఆ చప్పట్లు తగ్గినయి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఆ నాటకంలో లేదు. ఆమె బాల్యంలో ఉంది. ఆమె తండ్రి కార్ల్ హాన్స్‌బెరీ 1937లో తెల్లోళ్ల వాడలో ఇల్లు కొన్నడు. అప్పుడామెకు ఏడేండ్లు. గుంపులు ఇంటి మీదికొచ్చినయి, రాళ్లు పడ్డయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1940లో తండ్రి గెలిచిండు. ఆ గెలుపు కూడా సాంకేతిక కారణం మీదనే. నల్లోళ్లకు ఇల్లు అమ్మొద్దనే ఒప్పందాలు తప్పని కోర్టు అప్పుడు అనలేదు. తండ్రి కోర్టు పని మీద తిరుగుతుంటే తల్లి రాత్రంతా తుపాకి పట్టుకొని పిల్లలకు కావలి కాసింది. చరిత్రలో కేసుకు తండ్రి పేరుంది. కావలి కాసిన రాత్రులకు ఏ పేరూ లేదు.

ఇది చదువుతుంటే నాకు హనుమకొండ యాదికొచ్చింది. 1986లో మా నాయిన ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. వర్ధన్నపేట దిక్కు ఊరు విడిచిపెట్టి వచ్చినం, కిరాయి ఇల్లు కావాలె. ప్రతి గడప కాడ ఒక్కటే ప్రశ్న: "మీరేమోల్లు?" నాయిన ఒక్కసారి కూడా నసగలేదు. "మాదిగోల్లం అమ్మా" అనెటోడు. అంతే, ఆ ఇంటికి అప్పటికప్పుడు అల్లుడో మరిదో కాపురానికొచ్చెటోడు! పదకొండు ఇండ్లు తిరిగినం. ఆఖరికి ఊరి చివర, నల్లా లేని రెండర్రలు దొరికినయి. నీళ్లకు మూడు గల్లీల అవతల బోరింగు. అవ్వ పొద్దుగాల ఆరు బిందెలు, మాపటికి నాలుగు మోసేది.

"చెప్పకుంటే ఏమాయె? వాళ్లేమన్న మనకు పిల్లనిస్తన్రా?" అన్నదొకనాడు.

"పేరు దాసుకొని బతుకుడు గూడ బతుకేనా?" అన్నడు నాయిన.

"నీ నిజం నీ నోట్లె ఉంటది. బిందె నా నెత్తి మీదుంటది."

నాయిన జవాబు చెప్పలే. అవ్వకు ధైర్యం లేదని వాడలోళ్లు అనుకున్నరు. బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినోళ్లు ఆ మాట అనలేరు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి బరోడాలో కొలువుకు పోతే ఉండడానికి చోటు దొరకలే. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకొని ఉన్నడు. సంగతి తెలిసి పార్సీలు కర్రలు పట్టుకొని మీదికొచ్చిన్రు, సామానుతో వెళ్లగొట్టిన్రు. ఆ పేరు చెప్పుకున్నందుకు ఆయనను పిరికోడని ఎవరన్న అనగలరా? తలదాచుకోను పేరు దాచినోడి తప్పేముంది, తప్పు పేరడిగినోడిది. నల్లోళ్ల బతుకుకూ అంటరానోళ్ల బతుకుకూ ఎంతో పోలిక ఉన్నదని 1946లో డుబాయిస్‌కు ఉత్తరం రాసింది కూడా ఆయనే.

అట్లని నాయినది తప్పని నేననను. ఆయన నోటి నుంచి ఆ మాట జంకు లేకుండ వినబట్టే నేనీ రోజు నా పేరుతోని రాస్తున్న. నా పేచీ వేరే. ఆ పదకొండు గడపల్లో ఒక్కదాని ముందన్న ఆయన అవ్వ దిక్కు చూసి, చెప్దామా అని అడిగిండా? ఒకరి గౌరవం కోసం ఇంకొకరి నడుమును జామీను పెట్టే హక్కు ఎక్కడిది?

నాయకుల ఇండ్లల్ల ఈ జామీను ఇంకా పెద్దది. అంబేద్కర్ లండన్‌లో చదువుతుంటే బొంబాయిలో రమాబాయి చాలీచాలని పైసలతో సంసారం ఈడ్చింది. పుట్టిన అయిదుగురు పిల్లల్లో నలుగురు పోయిన్రు. 1935లో ఆమె పోయింది. 1940లో ఆయన 'థాట్స్ ఆన్ పాకిస్తాన్'ను ఆమెకు అంకితమిచ్చిండు, తనతో పాటు కష్టపడ్డ ఆమె ఓర్పును అందులో తలుచుకున్నడు. ఆయనకు ఆ బాకీ తెలుసు. మనం మాత్రం జయంతుల్లో ఆమెను 'త్యాగమూర్తి' అని ఫొటోకు దండేసి లెక్క మూసేస్తున్నం. త్యాగం అనాలంటే వద్దనే వీలు కూడా ఉండాలె కదా!

దీనికి మన మిత్రుల దగ్గర తయారుగా ఒక జవాబుంటది: ఆడోళ్లను అడుగుతూ కూర్చుంటే ఒక్క పోరాటం కూడా నడవదు, వాళ్లు పిల్లల కోసం వెనక్కి గుంజుతరని. చరిత్ర అట్ల చెప్పలేదు. 1956 జనవరి 30 రాత్రి మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. కింగ్ మీటింగులో ఉన్నడు. ఇంట్ల భార్య కొరెట్టా, నెలల పసిపిల్ల. ఇద్దరి తండ్రులూ ఉరికొచ్చి ఊరు విడిచి రమ్మన్నరు. కొరెట్టా తండ్రి బిడ్డను ఇంటికి తీసుకపోతనన్నడు. ఆమె పోలే. మొగని మాట మీద కాదు, తనే ఉంటనన్నది.

అంత దూరం ఎందుకు? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపితే, బతికినోళ్లు చీరాల పోయి మళ్ల ఆ ఊళ్లె కాలు పెట్టమన్నరు. ఆ కేసుకు దుడ్డు అలీసమ్మ ముఖ్య సాక్షి. ఏ నాయకుడి భార్యగానో ఆమె సాక్ష్యానికి నిలబడలే. చూసింది చూసినట్టు చెప్తనన్నది, ఆమెను కూడా చంపిన్రు. ఉద్యమానికి అలీసమ్మ తన బతుకునే పెట్టింది. అది పెట్టాలని నిర్ణయించుకున్నది ఆమే.