బడి తాళంచెవి

వరదకు కులం లేదంటారు. నీళ్లు పల్లానికి పోతాయి, అంతేనని నేనూ పిల్లలకు సైన్సు పాఠంలో చెప్పాను. పల్లంలో ఎవరున్నారు సార్ అని ఒక్క పిల్లాడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్నో.

నేను పనిచేసే ఊరు నక్కవాగు ఒడ్డున ఉంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగును దశాబ్దాల పాటు మోసుకెళ్లి మంజీరలో కలిపిన వాగు అది. నీళ్ల రంగు మారింది, బావులు చెడినయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. పంట పోయిన రైతుకు పరిహారం లెక్క కట్టారు. మా అమ్మసొంటి కూలిమనిషికి పొలం ఏడిది? ఆ పొలంలో పోయిన కూలికి లెక్క ఎవరు కట్టాలి?

2020 అక్టోబరు 13 రాత్రి. హైదరాబాదును ముంచిన ఆ వానకే మా వాగూ పొంగింది. మాదిగవాడ పల్లంలో ఉంది. అక్కడ ఎవరు ఉంచారో మీకు చెప్పనక్కర్లేదు. ఇండ్లల్లో మోకాలిలోతు నీళ్లు, ముక్కులదిరే మందు వాసన. కరోనాతో పిల్లలు బడికి వస్తలేరు. తాళంచెవి నా దగ్గరుంది. వాడోళ్లు పిల్లల్ని ఎత్తుకొని వస్తే పెద్దగది తీసిచ్చిన. "సల్లగుండు బిడ్డా" అంది ఒక ముసలవ్వ.

గంటకు ఊళ్లోనూ కొన్ని ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. వాళ్లూ బడికే వచ్చారు. ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు:

"సారూ, కరోనా రోజులు. దూరం పాటించాలె గద. వాడోళ్లను ఆ చిన్నగదిలకు పంపున్రి."

ఆయన ముఖానికి మాస్కు లేదు. దూరం మాకు కొత్త మాట కాదు. ఈసారి డాక్టరు చీటీతో వచ్చింది, అంతే తేడా.

చిన్నగది మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టేది. కప్పు కారుతుంది. నేను కాదనవచ్చు. గొడవెందుకు, కిరాయి ఇల్లు ఖాళీ చేయమంటారేమో అనుకున్న. నేనే పోయి, "అవ్వా, కొంచెం ఆ గదిలకు జరుగున్రి" అన్నాను. ఎవరూ ఎందుకని అడగలేదు. జరిగారు. నేను మాదిగోణ్నని వాళ్లకూ తెలుసు, ఊరికీ తెలుసు.

ప్రతి ఏప్రిల్ 14న సభల్లో మహద్ గురించి చెప్తాను. 1927లో అంబేడ్కర్ వెంట మనవాళ్లు చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు ఆవుపేడ, మూత్రం కలిపిన కుండలు పోసి ఆ చెరువును శుద్ధి చేసుకున్నారు. (నక్కవాగును ఫ్యాక్టరీలు అంతగా మైలపరిస్తే ఒక్క కుండ పోసినోడు లేడు.) కారంచేడు గురించీ చెప్తాను. 1985లో ఆ చెరువు గట్టు మీద ఎదురు తిరిగిన సువార్తమ్మ చేతిలో బిందె తప్ప ఏముంది? నా చేతిలో సర్కారు తాళంచెవి ఉంది, జేబులో నెల జీతం ఉంది.

భయపడ్డానని సర్ది చెప్పుకోవచ్చు. కానీ ఆయన నన్ను బెదిరించలేదు. అరే ఒరే అని ఉంటే ఎదురు తిరిగేవాణ్నే. సారూ అన్నాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ పిలుపు కోసం ఎన్నేండ్లు చదివిన! ఆయన అడిగింది తప్పే, సరే. తాళం ఉన్నోడు తీసింది ఏ తలుపు, మూసింది ఏ తలుపు? నా తప్పు ఆయన తప్పులో సగమా, రెట్టింపా? పెద్దగది మొదట వచ్చినోళ్లదని అనడానికి ఒక్క నిమిషం పట్టేది. ఒక్క మిత్రునికి చెప్పుకుంటే, "ఒక్కనివి ఏం చేస్తవన్నా" అన్నాడు. ఆ మాట నాకు హాయిగా తగిలింది, అందుకే దాన్ని నమ్మలేకపోతున్న.

తెల్లారి నీళ్లు తీసినయి. పెద్దగదిలోని వాళ్లు ఎట్లున్నది అట్ల వదిలేసి పోయారు. ముసలవ్వ మాత్రం తడి బస్తాలు పక్కకు జరిపి, చిన్నగది ఊడ్చి, చీపురు గోడకానించింది.

"తాళమేసుకో సారూ" అంది.