చేపల భయం, మనుషుల ప్రశంస: ఒక కాంటనీస్ జాతీయం

హాంకాంగ్, గ్వాంగ్‌జౌ బజారుల్లో కొనడానికి వచ్చిన దాదాపు ఏ స్త్రీనైనా వర్తకులు ‘లెంగ్ నోయి’, అంటే అందగత్తె, అని పిలుస్తారు. అందులో సౌందర్య నిర్ణయమేమీ లేదు, అది పలకరింపు. అసాధారణ సౌందర్యాన్ని చెప్పడానికి వేరొక మాట ఉంది: ‘చమ్ యు లోక్ ఙాన్’. ఆమెను చూసి చేప మునుగుతుంది, అడవిబాతు నేల రాలుతుంది అని దాని అర్థం. ఇది ప్రాచీన చీనీ సాహిత్యం నుండి కాంటనీస్ తన ఉచ్చారణతో నిలుపుకొన్న జాతీయం.

దీని మూలం ‘జువాంగ్‌జీ’ గ్రంథం రెండవ అధ్యాయంలో ఉంది. అక్కడిది ప్రశంస కాదు, వాదం. మావో చియాంగ్, లీ జీ అనే స్త్రీలు మనుషుల దృష్టిలో సుందరులు. వారిని చూడగానే చేపలు లోతుకు పోతాయి, పక్షులు పైకెగిరిపోతాయి, లేళ్లు పరుగుతీస్తాయి. అలాంటప్పుడు లోకానికంతటికీ చెల్లే సౌందర్య ప్రమాణం ఎవరి వద్ద ఉన్నట్లు? సౌందర్యం సార్వత్రికం కాదనడానికి చెప్పిన ఈ ఉదాహరణే తరువాతి కాలంలో సార్వత్రిక సౌందర్యానికి గుర్తు అయింది. చేప మునక మారలేదు. దాని కారణం మారింది, భయం సిగ్గయింది. పక్షికి మాత్రం దిశే మారింది: మూలంలో పైకెగిరినది జాతీయంలో కిందపడుతోంది. లేడి పూర్తిగా తప్పుకొంది. మన ఆలంకారికులైతే దీనిని హేతూత్ప్రేక్ష అనేవారు. అలంకారంగా ఇందులో దోషం లేదు. పారిపోయే ప్రాణి భయాన్ని ఆరాధనగా చదువుకోవడంలోనే నైతిక ప్రశ్న ఉంది.

ఆ ప్రశ్న చేపలతో ఆగదు. సంప్రదాయం చేప మునకను షీ షీకి, బాతు పతనాన్ని వాంగ్ జావోజున్‌కు ముడిపెట్టింది. మొదటి స్త్రీని యూయె రాజ్యం శత్రురాజును లోబరచుకోవడానికి పంపిందని కథ. రెండవ స్త్రీని క్రీ.పూ. 33లో హాన్ చక్రవర్తి షియోంగ్ను పాలకునికి అప్పగించాడు. ఇరువురూ రాజకీయ అవసరాలకు చేతులు మారినవారే. ఈనాడు ఈ మాటను, తరచు పరిహాసంగానే, వాడేవారికి ఇవి గుర్తుండవు. వారిని తప్పుపట్టడం అన్యాయం. అయినా చూసేవారి తబ్బిబ్బే తప్ప చూడబడే స్త్రీ మనసుకు ఈ నాలుగక్షరాల్లో చోటు లేదు.

జువాంగ్‌జీకైనా ఆ మనసు పట్టిందా? అదే అధ్యాయంలో లీ జీ మళ్లీ కనిపిస్తుంది. జిన్ రాజ్యం చేజిక్కించుకొన్నప్పుడు ఆమె బట్టలు తడిసేలా ఏడ్చిందట. రాజు శయ్యను పంచుకొని, మాంసాహారం రుచి చూశాక ఆ ఏడుపుకు పశ్చాత్తాపపడిందట. మరణభయం కూడా అలాంటి తొందరపాటేమో అనడానికి ఆయనకు ఆ కన్నీళ్లు పనికివచ్చాయి. చేప ఎందుకు మునిగిందో అడిగిన తాత్త్వికుడు ఆమె ఎందుకు ఏడ్చిందో అడగలేదు.