విన్నపమును మన్నించుట

ఆస్ట్రేలియా ఖండమధ్యమున ఆలిస్ స్ప్రింగ్స్ అను పట్టణము కలదు. అచ్చటినుండి ఉలూరు అను మహాశిలకు రోడ్డుమార్గమున సుమారు 450 కిలోమీటర్లు. వేకువజామున కారెక్కి, శిలను దర్శించి, రాత్రికి మరలి రావలెనని తలపెట్టు యాత్రికులు నేటికిని కలరు. దక్షిణముగా 200 కిలోమీటర్లు పోయి, ఎర్ల్‌డండా కూడలియొద్ద పడమరకు తిరుగవలెను. ఇరువైపుల ఎఱ్ఱని ఇసుక, గుబురుగడ్డి, అక్కడక్కడ ఎడారి సరుగుడు చెట్లు. పెట్రోలు దొరకు తావులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. త్రోవలో బల్లపరుపుగా కానవచ్చు కానర్ కొండను చూచి, అదియే ఉలూరని భ్రమించువారు పెక్కురు.

ఇట్టి ప్రదేశమును మనము మారుమూల యందుము. ఎవరికి మారుమూల? వేలాది సంవత్సరములుగా అచ్చట నివసించుచున్న అనంగు జనులకు అది ఇల్లు, పుణ్యక్షేత్రము. దూరమనునది వచ్చువాని కొలతయే గాని ఉన్నవాని కొలత గాదు. 1873లో విలియం గాస్ అను సర్వేయరు ఆ శిలను చూచి, దక్షిణ ఆస్ట్రేలియా ప్రధానకార్యదర్శియగు సర్ హెన్రీ ఏయర్స్ పేరు దానికి పెట్టెను. అప్పటికే పేరుగల శిలకు మరల నామకరణము జరిగెను!

ఆ శిల 348 మీటర్ల ఎత్తు. ఎక్కువారి ఊతకై 1960 దశకమున గొలుసు బిగించిరి. 1985 అక్టోబరు 26న ప్రభుత్వము ఆ భూమిని అనంగులకు తిరిగి అప్పగింపగా, వారు దానిని జాతీయోద్యానముగా నుంచుటకు 99 సంవత్సరములకు కౌలుకిచ్చిరి. అటుపిమ్మటను ఎక్కుటకు నిషేధము లేకుండెను. అయితే, ఆ దారి తమ పూర్వపురుషులు నడచిన పవిత్రమార్గమనియు, దయచేసి ఎక్కవలదనియు అనంగులు యాత్రికులను వేడుకొనిరి. ఎక్కుచు ప్రాణములు కోల్పోయినవారు 30 మందికి పైబడిరి. తమ నేలపై అతిథి మరణించుట వారికి తీరని దుఃఖము.

చట్టము అనుమతించినది, ఇంటివాడు వలదని వేడినాడు. మన కేది పాటింపదగినది? ప్రకృతి నిర్మించిన కొండ ఎవరి సొత్తు, వారి నమ్మకము నన్నేల బంధింపవలెను అని వాదించినవారు లేకపోలేదు. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఒకరి విశ్వాసమును మఱియొకరిపై రుద్దరాదనుట నిజమే. కాని అనంగులు యాత్రికుని విశ్వాసమును కోరలేదు, మర్యాదను కోరిరి. అన్యుల ప్రార్థనామందిరమున చెప్పులు విడుచువాడు వారి మతము పుచ్చుకొనుట లేదు గదా! ఆజ్ఞకు లోబడుటలో భయము పాలు కొంత యుండును. శిక్షింపజాలనివాని మాటను మన్నించునపుడే మన శీలము తేలును.

లోకము ఈ పరీక్షలో ఎట్లు నిలిచెను? ఏండ్లు గడచినకొలది ఎక్కువారు తగ్గి, సందర్శకులలో ఐదవవంతునకు లోబడిరి. ఉద్యాన పాలకమండలి 2017లో తీర్మానించి, 2019 అక్టోబరు 26 నుండి ఆరోహణమును మాన్పించెను. ఆ వార్త విని చివరి మాసములలో జనులు బారులు తీరిరి. పెక్కురు విన్నపము విని మానిరి. కొందఱు తలుపు మూయుదురని విని పరుగెత్తిరి.

తరతరములుగా అన్యభాషాప్రాంతములలో స్థిరపడిన మనకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. ఒకప్పుడు వచ్చినవారమును మనమే, నేడు ఉన్నవారమును మనమే. మన పిల్లలకు తెలుగు చదువు కావలెనని అడుగునపుడు మనకు సంఖ్యాబలము లేదు. విన్నపమే మన బలము. మన మాట మన్నింపబడవలెనని కోరు మనము, మనకంటె తక్కువ బలముగలవాని మాటను ఎట్లు వినుచున్నాము? పొరుగువాని ఆచారమును, పనివాని పండుగను, చిన్నవాడలోని దేవళమును ఎట్లు చూచుచున్నాము?

ఉలూరు చుట్టు సుమారు 10 కిలోమీటర్ల కాలిబాట నేడును తెఱచియున్నది. ఆ ప్రదక్షిణమార్గమున కొన్ని తావులను ఛాయాచిత్రము తీయవలదని ఫలకములు కోరుచున్నవి. కాపలావాడు ఎల్లవేళల అచ్చట నుండడు. ఆ చోట కెమెరాను దించుకొనువాడు ఏ ఊరికి పోయినను మంచి అతిథియే యగును.