ప్రతినిధి ద్రవ్యం: ఒక చిన్న క్లిప్పు విషయంలో మీమాంస

విధించిన వస్తువు లోపించినప్పుడు దాని స్థానంలో మరొకటి నిలిపితే ఆ కర్మ అదే కర్మగా సాగుతుందా, లేక వేరొకటిగా మారిపోతుందా అన్న ప్రశ్నను పూర్వమీమాంస విచారించినంత ఓపికగా మరే దర్శనమూ విచారించలేదు. ఆ దర్శనానికి మూలమైన జైమిని సూత్రాలలో 6వ అధ్యాయపు 3వ పాదంలో ఎక్కువ భాగం దీనికే కేటాయించబడింది. యజ్ఞద్రవ్యం దొరకనప్పుడు గానీ, మధ్యలో పాడైనప్పుడు గానీ దాని బదులు గ్రహించే ద్రవ్యాన్ని మీమాంసకులు ప్రతినిధి అంటారు; వ్రీహి ధాన్యానికి బదులు నీవారాలను, అంటే ఎవరూ విత్తకుండానే పండే అడవి వరిని, గ్రహించడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ విచారణ యజ్ఞశాలకే పరిమితం కాదు. కారు ఇంజన్ కింద ఊడిపోయిన ప్లాస్టిక్ క్లిప్పుకు మారు క్లిప్పును వెతికేవాడికి కూడా ఇది అక్షరాలా దారి చూపగలదు.

తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు మరమగ్గాలను నమ్ముకుని స్థిరపడిన సూరత్‌లో, ఉధ్నా వంటి పారిశ్రామిక ప్రాంతంలో, ఈ మాట చెప్పడం మరింత తగినది. ఎందుకంటే కార్యకారణాలను వివరించవలసి వచ్చినప్పుడల్లా న్యాయదర్శనం వారైన నైయాయికులు ఎత్తుకునే ఉదాహరణ నూలు పోగు, బట్ట. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ అదే కనిపిస్తుంది: బట్ట ఏ పోగులలో విడదీయరాని సంబంధంతో ఉంటుందో ఆ పోగులు దానికి సమవాయి కారణం, ఆ పోగుల కలయిక, అంటే సంయోగం, అసమవాయి కారణం. పోగులన్నీ ఉన్నా వాటి కలయిక పోతే బట్ట ఉండదని మగ్గం దగ్గర కూర్చున్నవాడికి శాస్త్రం చెప్పనక్కరలేదు. క్లిప్పు ఇంజన్ కింది కవచంలో భాగమూ కాదు, కారు చట్రంలో భాగమూ కాదు. ఆ రెండింటి సంయోగాన్ని నిలపడమే దాని పని గనుక, దాని యోగ్యతను కూడా ఆ పనిని బట్టే తేల్చాలి.

ఆ కవచం, మెకానిక్కులు అండర్ కవర్ అని పిలిచేది, రోడ్డు నుంచి ఎగసే నీటిని, బురదను, రాళ్లను ఇంజన్‌కు తగలకుండా ఆపుతుంది. కారు అడుగున గాలి ప్రవాహాన్ని కూడా కొంత సరిదిద్దుతుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీటితో తాపీ నది సూరత్‌లో అధిక భాగాన్ని ముంచెత్తింది. అంతటి వరద అరుదే అయినా, నీరు నిలిచిన వీధిలో కారు వేగంగా పోయినప్పుడు కవచం ముందు అంచు మీద పడే ఒత్తిడికి పాతబడిన క్లిప్పులు ఊడడం వానాకాలంలో మామూలే. ఒక మూల జారిన కవచం రోడ్డుకు రాసుకుంటుంది, చక్రానికి తగలవచ్చు, వేడెక్కిన సైలెన్సర్ గొట్టం మీద వాలవచ్చు.

ప్రతినిధిని సాదృశ్యాన్ని బట్టి ఎంచాలని మీమాంసకులు చెప్పారు, అయితే వారి దృష్టిలో సాదృశ్యం పైపై పోలిక కాదు. వ్రీహులలో కర్మకు ఉపకరించే అవయవాలు ఏవో అవి నీవారాలలో ఎక్కువగా ఉన్నాయి గనుకనే నీవారాలు తగినవని వారి సమర్థన. దుకాణంలో పాత క్లిప్పు తలను చూపించి అలాంటిదే అడగడం పైపై పోలికను నమ్మడమే. చూడవలసినవి చట్రంలోని రంధ్రం వ్యాసం, కవచమూ చట్రమూ కలిసిన మందం, ఆ మందాన్ని దాటి అవతల కాళ్లు విచ్చుకునేంత పొడవు. బోల్టు విషయంలో ఈ తేడా మరింత కఠినం: 6 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు, పావు అంగుళం బోల్టు కంటికి ఒకేలా ఉంటాయి గానీ, మొదటిదానికి మరల మధ్య దూరం మామూలుగా 1 మిల్లీమీటరు, రెండవది అంగుళానికి 20 మరల రకమైతే 1.27 మిల్లీమీటర్లు, బలవంతంగా బిగిస్తే నట్టు లోపలి మరలు చెడిపోతాయి. బలహీనత కూడా కొన్నిసార్లు పోల్చి చూడవలసిన గుణమే. దెబ్బ తగిలినప్పుడు నైలాన్ క్లిప్పు తాను విరిగి కవచాన్ని కాపాడగలదు, కదలని ఉక్కు బోల్టు అదే దెబ్బకు కవచపు రంధ్రాన్నే చీల్చవచ్చు. బోల్టు తప్పనిసరైన చోట వెడల్పైన వాషరు వేసి, మితంగా బిగించడం ఇందుకే.

ఆ పాదంలోని మరొక నిర్ణయం ఎంతో సూక్ష్మమైనది, ఆచరణలో అందరూ మరిచేది కూడా అదే. ప్రతినిధిగా తెచ్చిన నీవారాలు కూడా పాడైతే, తరువాత తెచ్చేది నీవారాలను పోలినదా, మొదటి వ్రీహులను పోలినదా అని ప్రశ్నించి, మొదటివాటినే పోలి ఉండాలని సిద్ధాంతం చేశారు. విధి పలికింది వ్రీహులను గురించే గనుక నీవారాలకు స్వతంత్రమైన ప్రామాణ్యం లేదు. మరమ్మతు దుకాణాలలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. మొదటి క్లిప్పుకు బదులు కొంచెం లావైనది దిగుతుంది, అది పోయాక దానికి సరిపోయే స్క్రూ, ఆ స్క్రూ కోసం రంధ్రం ఇంకొంత పెద్దది చేయడం, చివరికి జిప్ టై. ప్రతి అడుగూ దాని ముందు అడుగును మాత్రమే చూసుకుంటుంది. అసలు ద్రవ్యం మళ్లీ దొరికితే దానినే గ్రహించాలన్న నియమం కూడా శాస్త్రంలో ఉంది. రంధ్రాన్ని పాడుచేసిన మారు బిగింపు ఆ తిరుగుదారిని శాశ్వతంగా మూసివేస్తుంది, దాని పెద్ద దోషం అదే.

సోమలత దొరకనప్పుడు పూతికలను గ్రహించాలని శ్రుతే నియమించింది. అలా నియమించిన చోట అంతకన్నా దగ్గరి పోలిక గలది దొరికినా దానికి తావు లేదు. అదే విధంగా, తయారీదారు పాత విడిభాగం సంఖ్యకు బదులు కొత్త సంఖ్యను ప్రకటించినప్పుడు దానిని అలాగే స్వీకరించాలి. పెసలను ఎంత పోలినా మినుములు యజ్ఞానికి నిషిద్ధం గనుక ప్రతినిధి కాలేవు. చక్కగా ఇమిడినా అవతలి గొట్టానికో వైరుకో తగిలేంత పొడవున్న స్క్రూ కూడా అటువంటిదే.

ఇంత విశాలంగా ప్రతినిధులను అనుమతించిన శాస్త్రం కొన్నింటికి మాత్రం ప్రతినిధి లేదని తేల్చింది. దేవతకు, మంత్రానికి, అగ్నికి లేనట్టే, సాధారణ యాగంలో యజమానికీ లేదు. ఫలం పొందేవాడు అతడే గనుక అతడి స్థానంలో మరొకడు నిలవలేడు. యజ్ఞం జరిపించే ఋత్విజులు ఎందరైనా ఉండవచ్చు, దక్షిణ ఇచ్చి వారి చేత పని చేయించవచ్చు, సంకల్పం మాత్రం యజమానిదే కావాలి. బిగించే చేయి మెకానిక్‌ది అయినప్పటికీ, పాత క్లిప్పు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు దాని చోట ఏది దిగిందో, ఏ రంధ్రం మొదటి కొలతలోనే మిగిలి ఉందో తెలుసుకుని ఉండవలసినవాడు ఆ కారులో ప్రయాణించేవాడే.