నిలువ నీడ, నిలిచి మాట్లాడే చోటు

భారత రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరుడికి హామీ ఇచ్చిన స్వేచ్ఛల్లో మాట్లాడే స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే స్వేచ్ఛ, దేశమంతటా తిరిగే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛ ఒకే వరుసలో కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడటం మాత్రం న్యాయ గ్రంథాలకూ ప్రభుత్వ శాఖలకూ అలవాటైపోయింది. మాట సంగతి పత్రికలకూ కోర్టులకూ చెందినదనీ, గూడు సంగతి మున్సిపాలిటీకీ గృహనిర్మాణ శాఖకూ చెందినదనీ ఒక పంపకం జరిగిపోయింది. అయితే మాట్లాడటానికి నోరొక్కటే చాలదు, నిలబడటానికి చోటు కూడా కావాలి. తలదాచుకోవడానికే చోటు లేనివాడికి ఆ నిలబడే చోటు ఎక్కడిదన్న ప్రశ్న వేసుకుంటే, మాట పట్ల రాజ్యానికున్న బాధ్యత, నిరాశ్రయుల పట్ల దానికున్న బాధ్యత నిజానికి రెండా, ఒకటేనా అన్న సందేహం పుట్టక తప్పదు. హైదరాబాద్‌లో కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్ పేటలు కలిసే చోట, ఇందిరా పార్కు పక్కన ధర్నాలు జరిగే రోడ్డు మీద ఈ తాత్త్విక సందేహం చాలాకాలంగా ప్రజల మధ్యే నలుగుతోంది.

ఆధునిక తత్త్వశాస్త్రంలో ఈ ప్రశ్నను సూటిగా ఎత్తినవాడు న్యూజిలాండ్‌లో పుట్టిన న్యాయతాత్త్వికుడు జెరెమీ వాల్డ్రన్. నిరాశ్రయతకూ స్వేచ్ఛకూ ఉన్న సంబంధం మీద 1991లో ప్రచురించిన వ్యాసంలో ఆయన చేసిన వాదన చూడటానికి చిన్నదే: మనిషి చేసే ప్రతి పనీ ఎక్కడో ఒకచోట చేయవలసిందే; ప్రైవేటు స్థలంలో యజమాని సమ్మతి లేనిదే ఏ పనీ సాగదు; కాబట్టి సొంతిల్లు గానీ అద్దె ఇల్లు గానీ లేనివాడికి మిగిలేది అందరిదీ అయిన బహిరంగ స్థలమొక్కటే; అక్కడ పడుకోకూడదు, కడుక్కోకూడదు అని నియమం పెడితే, పైకి అందరికీ సమానంగా వర్తించే ఆ నియమం అతడి విషయంలో ఆ పనుల్నే మొత్తంగా నిషేధించినట్టవుతుంది. వాల్డ్రన్ ఎక్కువగా శరీరపు అవసరాల గురించే మాట్లాడాడు గానీ, మాట కూడా శరీరం చేసే పనే గనుక ఆ తర్కం మాటకూ సాగుతుంది. ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకోగలిగిన పార్టీకి, సొంత టీవీ ఛానల్ ఉన్న నాయకుడికి ఒక రోడ్డు మీద ధర్నా కూడదన్నా పెద్ద నష్టం లేదు. జీతం పెంచమని జిల్లా నుంచి బస్సెక్కి వచ్చిన అంగన్‌వాడీ ఆయాకు మాత్రం అది నోరు నొక్కడమే.

తెలుగు నేలకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఆచార్య నాగార్జునుడు ఒక రాజుకు, సంప్రదాయం చెప్పేదాన్ని బట్టి శాతవాహన రాజుకు, రాసిన ‘రత్నావళి’లో శూన్యవాదం, అంటే ఏ వస్తువుకూ స్వతంత్రమైన స్వభావం లేదనే సిద్ధాంతం ఎంత ఉందో, రాజధర్మం కూడా అంతే శ్రద్ధగా ఉంది. గుడ్డివారికీ రోగులకూ దిక్కులేనివారికీ అన్నపానాలు అడ్డు లేకుండా అందాలని, బాటల వెంట బాటసారులకు విడిది గృహాలు, నీళ్ళు ఏర్పాటు చేయాలని, చెరలో ఉన్నవారి పట్ల దయ చూపాలని ఆయన రాజుకు చెబుతాడు. అదే గ్రంథంలో, మేలు చేసేదే అయినా చెవికి కటువుగా ఉండే మాటను చెప్పేవారు అరుదనీ, వినేవారు ఇంకా అరుదనీ, విని వెంటనే ఆచరించేవారు మరీ అరుదనీ హెచ్చరిస్తాడు. ఆశ్రయం ఇవ్వడం, అప్రియమైన మాటను భరించడం అనే రెండింటినీ ఒకే రాజుకు ఒకే ఉపదేశంలో చెప్పడం యాదృచ్ఛికమని అనుకోవడానికి వీల్లేదు. ఏ వస్తువూ తనంత తానుగా నిలవదని చెప్పే తాత్త్వికుడికి రాజు అధికారం కూడా ఎవరెవరి మీదో ఆధారపడి నిలిచేదే, ఆ ఆధారమైనవారు ఆకలితో ఉన్నా మౌనంగా ఉన్నా ఆ అధికారం గుల్లే.

నాగార్జునుడి కంటే ముందే పాళీ దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం ఈ సంబంధాన్ని ఒక కథగా చెప్పింది. చక్రవర్తి పాటించవలసిన విధుల్లో లేనివారికి ధనం ఇవ్వడం ఒకటి. ఒక రాజు మిగతా విధులన్నీ పాటించి ఆ ఒక్కటీ వదిలేస్తాడు. అక్కడి నుంచి పేదరికం, పేదరికం నుంచి దొంగతనం, దొంగతనాన్ని అణచడానికి రాజు విధించిన మరణదండన నుంచి ఆయుధాలు, ఆయుధాల నుంచి హత్యలు, హత్యల నుంచి అబద్ధం, అబద్ధం నుంచి చాడీలు, ఆ తర్వాత పరుషవాక్కు, వ్యర్థ ప్రలాపం ఒకదాని వెంట ఒకటి పుట్టుకొస్తాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని తెలుగు సామెత. సుత్తం ఆ సామెతను తిరగేసి, ఊరు తన పేదల్ని చూసుకోనప్పుడు నోళ్ళు ఎలా చెడతాయో చూపిస్తుంది. సోషల్ మీడియాలో బూతులు పెరిగాయని వాపోయి కొత్త చట్టం కోసం వెతికే ప్రభుత్వాలు, కథలోని రాజు లాగే, గొలుసులోని చివరి కొసను పట్టుకుని గుంజుతున్నాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. భారతీయ సంప్రదాయం ఇల్లు విడిచినవాణ్ణి ఎన్నడూ తక్కువ చేయలేదని, భిక్షువును, పరివ్రాజకుణ్ణి (ఒకచోట నిలవకుండా తిరిగే సన్యాసిని) తలమీద పెట్టుకుందని, అందుచేత నిరాశ్రయతను కేవలం లోటుగా చూడటం పాశ్చాత్య దృష్టి అని కొందరు వాదిస్తారు. వివేకానందుడు చికాగో వెళ్ళక ముందు, స్థిరమైన చిరునామా లేని పరివ్రాజకుడిగానే హైదరాబాద్ వచ్చి, 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించాడు. ఆయన గురువు పేరు మీద నడిచే రామకృష్ణ మఠం ఇందిరా పార్కుకు దగ్గర్లో దోమలగూడలోనే ఉంది. వాదనలో నిజం లేకపోలేదు గానీ, అది కోరి వదులుకున్న ఇంటికీ లాక్కోబడిన ఇంటికీ తేడాను మింగేస్తుంది. సన్యాసి త్యాగానికి విలువ వచ్చింది అతడు వదిలేయగలిగాడు గనుక. పాలమూరు నుంచి వలస వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకున్న కూలీ వదిలేసింది ఏమీ లేదు. కాషాయానికి దొరికే గౌరవాన్ని చూపించి చింపిరి దుప్పటికి జరిగే అవమానాన్ని కప్పిపుచ్చడం సంప్రదాయం పేరిట జరిగే పెద్ద మోసం. హుస్సేన్ సాగర్ నడుమ 1992లో ఏకశిలా బుద్ధుణ్ణి, అంటే భిక్షాపాత్రతో తిరిగిన ఒక ఇల్లు లేని మనిషిని, అంత శ్రమపడి నిలబెట్టిన నగరమే పాతికేళ్ళకు బిచ్చగాళ్ళను వ్యాన్లెక్కించింది.

అది 2017 సంవత్సరం. ఆ ఏడాది నవంబర్ నెలాఖరులో జరిగే ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్న సమయంలో, హైదరాబాద్ పోలీసు కమిషనర్ 144 సెక్షన్ కింద నగరంలో భిక్షాటనను రెండు నెలల పాటు నిషేధించారు. పట్టుకున్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. బిచ్చగాళ్ళ ఆచూకీ చెప్పినవారికి జైళ్ళ శాఖ 500 రూపాయల బహుమతి ప్రకటించింది. అదే సంవత్సరం వేసవిలో ప్రభుత్వం ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ను మూసేసి, నిరసనలు చేసుకోవాలంటే నగర శివార్లకు పొమ్మంది. మే 15న ధర్నా చౌక్ పరిరక్షణ కోసం వచ్చిన ప్రతిపక్షాలు, ప్రజాసంఘాలు ఒకవైపు, చౌక్ వద్దంటూ స్థానికుల పేరిట వచ్చినవారు మరోవైపు తలపడ్డారు. ఆ స్థానికుల్లో మఫ్టీ పోలీసులు కూడా ఉన్నారని పత్రికలు ఫొటోలతో రాశాయి. 2018లో హైకోర్టు జోక్యంతో చౌక్ మళ్ళీ తెరుచుకుంది. 2021 నవంబర్ 18న, వరి కొనుగోళ్ళ విషయంలో కేంద్రాన్ని నిలదీయడానికి, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా ఆ చౌక్‌లోనే మహాధర్నాకు కూర్చున్నారు. పాలకుడికి కూడా నిలిచి మాట్లాడే చోటు అవసరమవుతుందని ఇంతకంటే బాగా ఎవరూ నిరూపించలేరు.

స్థానికుల ఫిర్యాదును మాత్రం కొట్టిపారేయడం న్యాయం కాదు. రోడ్డుకు అడ్డంగా షామియానాలు, కరెంటు స్తంభానికి కట్టిన మైకులు, బారికేడ్ల పక్కన ఆగిపోయిన బస్సులు, చిక్కడపల్లి గ్రంథాలయానికీ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ పోయే విద్యార్థుల తిప్పలు నిజమైనవే. ఆ విద్యార్థులే ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం మరో రోజు రోడ్డెక్కుతారన్నదీ అంతే నిజం. హిమత్‌లాల్ షా కేసులో 1972లోనే సుప్రీంకోర్టు ఈ చిక్కుకు ఒక దారి చూపింది: వీధుల్లో సభలకు వేళ, తీరు, చోటు ప్రభుత్వం నియంత్రించవచ్చు, కానీ బహిరంగ వీధిలో సభ అనేదే లేకుండా చేయకూడదు. నియంత్రణకూ నిర్మూలనకూ మధ్య గీసిన ఈ గీత ధర్నాకు ఎంత వర్తిస్తుందో నిద్రకూ అంతే వర్తించాలి.

చేయి చాచడం కూడా ఒక రకంగా మాట్లాడటమే. తనకు ఆకలిగా ఉందని, తన ఊరు తనను పట్టించుకోలేదని ఎదుటివాడికి తెలియజేయడమే దాని సారం. ఢిల్లీ హైకోర్టు 2006లో రామ్ లఖన్ కేసులో భిక్షాటనను వాక్ స్వాతంత్ర్యం కోణంలోంచి పరిశీలించింది. అదే కోర్టు 2018 ఆగస్టులో హర్ష్ మందర్ కేసులో భిక్షాటనను నేరంగా చూసే నిబంధనలను కొట్టేసింది. ఆ తీర్పు ఢిల్లీ వరకే. తెలుగు నేల మీద 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉంది. సిగ్నల్ దగ్గర కారు అద్దం తట్టిన చేతిని ఆ చట్టం ఒక మాటగా కాక ఒక నేరంగా వింటుంది.

సోషల్ మీడియా వచ్చాక మాటకు చోటుతో పని లేకుండా పోయిందనే అభిప్రాయం బలపడింది. ఫోనుంటే చాలు, ధర్నా చౌక్ ఎందుకన్నది ఆ అభిప్రాయంలోని అంతరార్థం. కానీ సిమ్ కార్డుకు గుర్తింపు పత్రం కావాలి, గుర్తింపు పత్రానికి చిరునామా కావాలి, ఫోను ఛార్జింగుకు ప్లగ్గు ఉన్న గోడ కావాలి. పైగా అక్కడి స్థలం ప్రభుత్వానిదీ కాదు, ప్రజలదీ కాదు, కంపెనీది. అద్దెచీటీ కూడా లేని కిరాయిదారు లాంటివాడు అక్కడ మాట్లాడేవాడు. ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఒక పోస్టును తీసేయమంటే, ఆ ఆదేశాలను రహస్యంగా ఉంచాలని 2009 నాటి నియమాలు చెబుతున్నందువల్ల, రాసినవాడికి కారణం కూడా తెలియకపోవచ్చు. ఇందిరా పార్కు రోడ్డు మూసినప్పుడు అది అందరి కళ్ళముందూ జరిగింది గనుకే హైకోర్టు తలుపు తట్టగలిగారు. తెర మీద మూసిన చౌక్‌కు తలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ తెర మీది మాట నిరాశ్రయుల ప్రాణం తీయగలదన్నది కూడా ఇక్కడే తేలింది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అల్లుకుపోయినప్పుడు, దెబ్బలు తిన్నది ఎక్కువగా బిచ్చగాళ్ళు, మతిస్థిమితం లేనివారు, ఊరు తెలియని బాటసారులు. మే 26 రాత్రి చాంద్రాయణగుట్టలో, మహబూబ్‌నగర్ వైపు నుంచి భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళల మీద గుంపు దాడి చేస్తే ఒకరు చనిపోయారు. సుత్తం చెప్పిన గొలుసు చివర, అబద్ధం మొదట పట్టుకున్నది గొలుసు మొదట నిలబడ్డ మనిషినే. అదే రోజుల్లో గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఎంచుకున్న మార్గం గమనించదగ్గది: పోలీసులను ఊరూరా పంపి, డప్పులతో, జానపద పాటలతో, ఆ వీడియోలు బూటకమని గ్రామస్థుల ఎదుటే చెప్పించారు. మాటకు మాటే విరుగుడుగా వాడారు, ఫలితం దక్కింది. ఇంటర్నెట్ కట్ చేయడం కంటే ఇది కష్టమైన పని, అందుకే అరుదుగా జరుగుతుంది.

జరిగేది వేరు. ఒక ఎమ్మెల్యే మీద, ఒక గవర్నర్ మీద ఫేస్‌బుక్‌లో రాశారని 2013లో ఒక పౌరహక్కుల కార్యకర్తను ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. సెక్షన్ పోయినా అలవాటు పోలేదు. 2020లో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీక్ మీద పోస్టు షేర్ చేసిన గుంటూరు వృద్ధురాలిపై సీఐడీ కేసు పెట్టింది. 2025 మార్చిలో, ముఖ్యమంత్రిని తిట్టిన ఒక వ్యక్తి వీడియో ప్రసారం చేశారని హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. రాష్ట్రాలు వేరు, పార్టీలు వేరు, తీరు ఒకటే. హత్యకు పురికొల్పే పుకారును, పేరు చెప్పి చేసే బెదిరింపును శిక్షించడం ప్రభుత్వ విధి. పాలకుణ్ణి నొప్పించిన మాటను శిక్షించడం నాగార్జునుడు ఏ రాజుకూ ఇవ్వని అధికారం.

మాట విషయంలో ఇంత చురుకైన చేయి ఆశ్రయం విషయంలో ముడుచుకుంటోంది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు నిర్దేశించింది; 2011 జనగణన ప్రకారం 67 లక్షలు దాటిన గ్రేటర్ హైదరాబాద్‌కు ఆ లెక్కన దాదాపు 70 ఉండాలి, ఉన్నవి దాని దరిదాపుల్లో లేవు. రాజ్యానికి చేతకాదని కాదు. ఇల్లు లేనివారిని ఓటరుగా నమోదు చేయడానికి ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతిలో, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్ళి ఆ మనిషి చెప్పిన చోటే పడుకుంటున్నాడో లేదో చూస్తాడు. పడుకుని ఉంటే ఆ ఫుట్‌పాతే అతడి చిరునామా. ఓటు కోసం ఒప్పుకున్న చిరునామాను పోలీసులు, జీహెచ్ఎంసీ మిగతా రోజుల్లో కూడా ఒప్పుకోవాలి. హైదరాబాద్, అమరావతి శాసనసభలు 1977 చట్టాన్ని రద్దు చేయాలి, లక్షకొక ఆశ్రయం లెక్కను పూర్తి చేయాలి, ధర్నా చౌక్‌ను ఏ అధికారి ఉత్తర్వుతోనూ మూయడానికి వీల్లేకుండా చట్టంలో రాయాలి.