వెలగని దీపం సాక్ష్యం చెబుతుందా?

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962లో వచ్చి 1980 దాకా తయారైంది. ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌నే కుదించి దానికి వాడారు. ఆ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది కాబట్టి, దాని వైర్లు విప్పిన పాతకాలపు ఎలక్ట్రీషియన్‌కు స్పిట్‌ఫైర్ డాష్‌బోర్డు వెనక పెద్ద కొత్తేమీ ఉండదు. రెండింట్లోనూ ఎడమ ఇండికేటర్‌కు ఆకుపచ్చ మీద ఎర్రచార, కుడికి ఆకుపచ్చ మీద తెల్లచార. ఇండికేటర్ వెలగకపోతే టెస్ట్ ల్యాంప్ పట్టుకుని ఫ్యూజు, ఫ్లాషర్, స్విచ్, బల్బు వరుసగా చూసుకుంటూ పోతాడు. ఎర్త్ సరిగా అందకపోతే కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటుంది. ఎడమకు స్విచ్ వేస్తే సంబంధం లేని ఇంకో దీపం మినుకుమంటుంది. ఇవన్నీ ఓపికతో తేలే చిక్కులు. అదే డాష్‌బోర్డు మీద చార్జింగ్ సంగతి చెప్పే చిన్న ఎర్రదీపం మాత్రం తర్కశాస్త్రంలోకి లాక్కెళుతుంది.

తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి. ఆ బల్బుకు ఒక పక్క బ్యాటరీ, మరో పక్క డైనమో. డైనమో తిరగనంతసేపూ కరెంటు బల్బు గుండా దానిలోకి పారుతుంది, దీపం వెలుగుతుంది. డైనమో వేగం పుంజుకుని బ్యాటరీ ఓల్టేజీని అందుకున్నాక రెండు పక్కలా తేడా ఉండదు. తేడా లేనిచోట కరెంటు పారదు. కాబట్టి ఇక్కడ దీపం ఆరడమే శుభవార్త. కానీ బల్బు ఫిలమెంటు తెగినా, హోల్డర్ తుప్పు పట్టినా, వైరు ఊడినా దీపం ఆరే ఉంటుంది. డ్రైవర్ కంటికి రెండూ ఒకటే. డైనమోకు బదులు ఆల్టర్నేటర్ ఉన్న చాలా కార్లలో చిక్కు ఇంకాస్త ముదురుతుంది: ఆల్టర్నేటర్‌ను మొదట మేల్కొలిపే కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. బల్బు పోతే చార్జింగ్ మొదలు కాకపోవచ్చు, ఆ సంగతి చెప్పాల్సిన దీపమూ వెలగదు.

కనబడకపోవడం ఎప్పుడు సాక్ష్యమవుతుంది?

ఈ ప్రశ్నను మన తార్కికులు ఎంతో లోతుగా తవ్వారు. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహం రాసి, దానికి తానే దీపిక అనే వ్యాఖ్య చేర్చాడు. నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? కుమారిల భట్టు సంప్రదాయపు మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, వేరే ప్రమాణంగా, జ్ఞానానికి వేరే సాధనంగా లెక్కపెట్టారు. న్యాయ సంప్రదాయానికి చెందిన అన్నంభట్టు ఒప్పుకోడు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, ఈ నాలుగూ చాలు; లేమిని కూడా కన్నే పట్టుకుంటుంది, కనబడకపోవడం దానికి తోడ్పడుతుందంతే. ఇంత పోట్లాడుకున్నా ఒక షరతు మీద ఇరుపక్షాలూ కలుస్తాయి. కుండ ఉండి ఉంటే కనబడి తీరేది అని చెప్పగలిగినప్పుడే, కనబడలేదన్న మాటకు విలువ. చీకటి గదిలో నిలబడి కుండ లేదంటే చెల్లదు. ఈ షరతుతో కూడిన కనబడకపోవడాన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు.

తాళం తిప్పి ఎర్రదీపం వెలిగిందో లేదో చూసుకోవడం అచ్చంగా ఈ షరతే. వెలగగల దీపమని ముందు రుజువైతేనే, తర్వాత అది ఆరి ఉండడం సాక్ష్యం. ఆ చూపు చూడకుండా బండి కదిలించినవాడు ఆరిన దీపాన్ని నమ్మడం లేదు; తన కోరికను నమ్ముతున్నాడు.

ఇదే షరతును జమ్మలమడుగు పక్కనున్న గండికోటలో పెట్టి చూడవచ్చు. పెన్నా లోయ అంచున, కోటలో మాధవరాయస్వామి గుడి ఉంది. గోపురం నిలిచి ఉంది, గర్భగుడిలో మూలవిరాట్టు లేదు. లోపలికి వెలుతురు పట్టి చూసినవారు విగ్రహం లేదంటే అది నిక్కమైన జ్ఞానం, ఉంటే కనబడేదే. అదే కోటలో జుమ్మా మసీదు కూడా ఉంది. అక్కడా విగ్రహం కనబడదు, కానీ అక్కడ లోటేమీ లేదు. ఉండాలని ఎవరూ అనుకోని చోట అది. విగ్రహం లేదన్న ఒకే వాస్తవం ఒకచోట ఖాళీ, మరోచోట నిండుదనం. ఇక, విగ్రహం లేదు కాబట్టి దేవుడు లేడనో, కంటికి కనబడడు కాబట్టి లేడనో అనేవారు షరతు దాటేసినట్టే.

మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని ఎదుర్కొన్నాడు. స్వభావరీత్యా కంటికి అందని దాన్ని, కనబడలేదని కొట్టెయ్యలేమన్నాడు. అలాగైతే కుందేటి కొమ్మునూ కాదనలేం కదా అన్నది ఎదుటివారి గట్టి దెబ్బ. కొమ్ము కనబడే జాతి వస్తువు, కుందేలు తల మీద ఉంటే కనబడి తీరాలి, కాబట్టి దాన్ని కాదనవచ్చని అతని సమాధానం. సమాధానం నిలుస్తుంది. కానీ అది భక్తులకూ ఒక హద్దు గీస్తుందని ఒప్పుకోవాలి. ఇన్నేళ్లూ ఏ కీడూ జరగలేదు కాబట్టి స్వామి మెచ్చాడనేవారూ ఆరిన దీపాన్నే సాక్షిగా నిలబెడుతున్నారు. స్వామి అలిగి ఉంటే కీడు తప్పక కనబడేదని ఎవరు రుజువు చేశారు? అక్కడ తాళం తిప్పి చూసే వీలు లేదు. నాస్తికుడికి దక్కని సాక్ష్యం ఆస్తికుడికీ దక్కదు. మౌనాన్ని ఎవరి ఖాతాలోనూ వెయ్యకూడదు.

కనబడిన గుర్తుతోనూ ప్రమాదమే. సేనాని మీర్ జుమ్లా చేతికి గండికోట వచ్చాక, 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఒక సంగతి రాశాడు. ఫిరంగులు పోయడానికి రాగి విగ్రహాలు కరిగించబోతే, కోట గుడిలోని ఆరు మాత్రం ఎంతకీ కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా అనుమానించాడు. భక్తుడు దాన్ని మహిమ అంటాడు. కొలిమి వేడి చాల్లేదనడానికీ అంతే వీలుంది. కరగకపోవడం నిజమే అయినా, మూడు కారణాల్లో ఏదో తేల్చేందుకు ఒకదాన్ని మార్చి మిగతావాటిని అలాగే ఉంచి చూసినట్టు ఆ కథనంలో లేదు. ఎలక్ట్రీషియన్ బల్బు మార్చి చూస్తాడు, ఆ తర్వాత ఎర్త్ మార్చి చూస్తాడు. తార్కికులు అన్వయవ్యతిరేకాలన్నది ఈ పనినే.

తర్కసంగ్రహం చాలా చిన్న గ్రంథం. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే విద్యార్థులు నేటికీ దానితోనే మొదలుపెడతారు. దేవుడు ఉన్నాడనో లేడనో వాదానికి దిగేవారు, ఏ పక్షం వారైనా, ముందు అందులోనూ దీపికలోనూ అభావం గురించి ఉన్న నాలుగు మాటలు చదువుకుని రావాలి.